కుర్చీ కింద ఆకుపచ్చ వేలిముద్రలు

"మీ రంగు కూడా మీలాంటిదేనండి. ఎవరు కనబడితే వాళ్లకు అంటుకుపోతుంది."

మైక్రోస్కోప్ గదిలో ఆ మాట అన్న అమ్మాయిని ల్యాబ్‌లో అందరూ భూతద్దం మేడమ్ అంటారు. అనిపించుకున్నవాడు పై అంతస్తు రంగులబ్బాయి. బతికున్న కణంలో ఒకే ఒక్క ప్రొటీన్‌ను వెతికి పట్టుకుని, దాన్ని ఆకుపచ్చగా వెలిగించే రంగును ఏడాదిగా తయారుచేస్తున్నాడు. కడిగితే మిగతా రంగంతా పోవాలి. ఆ ప్రొటీన్ లేని కణాలున్న గాజు డిష్ చీకటిగా ఉండాలి.

ఉండలేదు. పున్నమిలా వెలిగింది.

"నాలుగింటికి మీటింగ్," అన్నాడతను నీరసంగా. "ఇది చూస్తే సార్ ప్రాజెక్టు మూసేసి, నన్ను వేరే ఊరి ల్యాబ్‌కు పంపేస్తారు."

"పంపితే ఏం? అక్కడా అందరినీ చూసి నవ్వుకుంటూ తిరగొచ్చు."

"నా నవ్వు మీకేం అడ్డమొచ్చిందండీ?"

"నాకేం అడ్డం? సెక్యూరిటీ బాబాయికీ, కాంటీన్ అక్కకీ, నాకూ ఒకటే నవ్వు. ఉన్నమాట చెప్పానంతే."

అతను మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు. కిటికీ అవతల, అతని వెనకే వెళ్దామా వద్దా అన్నట్టు సన్నగా వాన మొదలైంది.

మనసొప్పక ఆమె మళ్లీ చూసింది. ఫోకస్ కాస్త తిప్పింది. కణాలు చీకటిగానే ఉన్నాయి. వెలుగు వాటిలోది కాదు, వాటి కిందది. నీలి వెలుగును ఆపే ఆరెంజ్ కళ్లద్దాలు పెట్టుకుని, నీలి టార్చి వేసి చూస్తే డిష్ అడుగున చక్కటి బొటనవేలి ముద్ర.

"గ్లవ్స్ లేకుండా పట్టుకున్నాడు, తింగరి మనిషి," అంటూ టార్చి పక్కకు తిప్పి అలాగే ఆగిపోయింది.

తన కుర్చీ కింద స్క్రూల నిండా ఆకుపచ్చ వేలిముద్రలు. కూర్చోగానే మెల్లగా నేలకు దిగిపోయే ఆ కుర్చీ పోయిన వారం దానంతటదే బాగైంది మరి. తన గొడుగులో విరిగిన పుల్లకు కట్టిన దారం మీద ఆకుపచ్చ. తన కాఫీ కప్పు చెవి అతికిన చోటా ఆకుపచ్చే.

ఆమె తొందరపడలేదు. చదువు అలాంటిది. పక్క సీటు అమ్మాయి కుర్చీ కిందికి టార్చితో దూరింది. చీకటి. కాంటీన్ అక్క కప్పులన్నీ తిరగేసింది. చీకటి. వానలో గేటు దాకా పరిగెత్తింది.

"ఒక్క నిమిషం లేవండి బాబాయ్."

"ఏం పోయిందమ్మా?"

"ఏం పోలేదు," అంది కుర్చీ కింద నుంచి. "దొరికింది."

నాలుగింటికి తడిసిన జుట్టుతోనే మీటింగ్‌లో నిలబడింది. "సార్, రంగు మంచిదే. అది వేలిముద్ర. నేనే సరిగా చూడలేదు."

రంగులబ్బాయి చేతులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. ప్రాజెక్టు బతికింది.

బయట వరండాలో అతన్ని పట్టుకుంది. "నా కుర్చీ ఎప్పుడు బాగుచేశారు?"

"మీరు లంచ్‌కెళ్లినప్పుడు. గ్లవ్స్‌తో స్క్రూ జారిపోతోందండి."

"చెప్పొచ్చుగా."

"చెబితే ఎందుకు చేశావని అడుగుతారు."

"అడుగుతున్నాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ముందు ఆ ఆరెంజ్ అద్దాలు తీయండి. మీటింగ్ అంతా అవే పెట్టుకుని ఉన్నారు."

ఆమె తీయలేదు.

"రోజూ ఆ మైక్రోస్కోప్ వెనక మీరు మెల్లగా మునిగిపోతుంటే చూడలేకపోయానండి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఇంకెవరు మునిగినా నాకు పట్టదు."

"తెలుసు. అందరి కుర్చీలూ చూసొచ్చాను."

అతని చేతిని జేబులోంచి లాగి తన అరచేతిలో పెట్టుకుంది. "ఇది ఎన్నాళ్లుంటుంది?"

"ఎంత కడిగినా వారం దాకా పోదు."

"ఆదివారం మా అమ్మ వస్తోంది," అంది టార్చి వెలిగించి చూస్తూ. "అప్పటిదాకా సబ్బు ముట్టుకోకండి. ఆవిడ నాకంటే భూతద్దం. రుజువులు అడుగుతుంది."