ఈశాన్యం మూల చేపలు

వీధి చివరి శ్యామలాంబగారు అన్నారట. అబ్బాయిరాజుగారి కొడుకు ఫణీంద్ర ప్రతి శనివారం చీకటి పడే వేళకి భీమవరం నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెస్తాడని, అందులో నీళ్లూ, నీళ్లలో ఒక ఎర్రచేపా ఉంటాయని, వీధిగుమ్మం మానేసి దొడ్డిదారిన లోపలికి పోతాడని. అక్కడితో ఊరుకోలేదట. "కొత్తకోడలి పాదం చేపల్ని మింగుతోంది, మొగుడు పూడుస్తున్నాడు" అని కూడా అన్నారట. ఆవిడ నిజంగా అంత మాట అన్నారో, మోసుకొచ్చిన సూరమ్మ దారిలో ఉప్పూకారం తగిలించిందో ఎవరూ చెప్పలేరు. శుక్రవారం పొద్దున్న అంట్లు తోముతూ సూరమ్మ ఆ సంగతి వరలక్ష్మమ్మ చెవిన వేసింది.

"నాకెందుకండి, విన్నమాట చెప్పాను. మళ్లీ నా పేరు బయటికి రానీకండి, ఆయ్" అని గిన్నె బోర్లించింది.

వరలక్ష్మమ్మ తలంటుకుని జుట్టుకి తడిగుడ్డ చుట్టుకుని పూజకి మందారాలు కోస్తోంది. పూలసజ్జ అరుగు మీద పెట్టి హాల్లోకి వెళ్లింది.

ఈశాన్యం మూల అద్దాల తొట్టి ఉంది. మాఘంలో ఫణీంద్ర పెళ్లికి వారం ముందు సిద్ధాంతిగారు చెబితే పెట్టించారు. నిండా ఎర్రటి బంగారుచేపలు, వాటి మధ్య దిష్టికి ఒక నల్లది. ఇంటికి వచ్చే కీడు ఏదైనా ఉంటే ఆ నల్లది తన మీదికి తీసుకుంటుందని ఆయన మాట. ఆ నల్లదానికి తోక చివర చిన్న చీలిక ఉండేది. ఇప్పుడు తొట్టిలో తిరుగుతున్నదానికి తోక నిండుగా ఉంది.

"ఒరే ఫణీ, ఇలా రా."

ఫణీంద్ర చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. అతనికి భీమవరంలో చేపల మేత ఏజెన్సీ ఉంది.

"ఇది మన చేపేనా?"

"చేపలన్నీ ఒకలాగే ఉంటాయి కదమ్మా."

"అబద్ధమాడటం కూడా రాదు నీకు. ఎన్ని మార్చావు?"

"లెక్కెట్టుకోలేదు."

వరలక్ష్మమ్మ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుంది. వంటింటి గుమ్మంలో కోడలు భానుశ్రీ కాఫీ గ్లాసుతో నిలబడిపోయింది. పాలకొల్లు పిల్ల, ఈ ఇంటికి వచ్చి ఇంకా ఆరు నెలలు నిండలేదు. ఆమె గృహప్రవేశం చేసిన వారంలోనే మొదటి చేప పోయింది. ఆ సంగతి అందరికీ గుర్తుంది కానీ ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు.

"నీకూ తెలుసన్నమాట."

"మీరు బాధపడతారని ఆయన చెప్పొద్దన్నారండి."

"నేను బాధపడతానని కాదు, మీ గుట్టు బయటపడుతుందని." వరలక్ష్మమ్మ గొంతు పెంచలేదు. "ఆషాఢం వచ్చేస్తోంది. ఎలాగూ పుట్టింటికి వెళ్లాల్సినదానివే. వెళ్లు. శ్రావణంలో తీసుకురావడమా, ఇంకొన్నాళ్లు ఆగడమా అన్నది సిద్ధాంతిగారు నీ జాతకం చూసి చెప్తారు."

"అమ్మా, అదేంటి..." అన్నాడు ఫణీంద్ర. అతని మాటలు సగంలో ఆగిపోవడం ఆ ఇంట్లో కొత్త కాదు.

భానుశ్రీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒక్కమాటండి అత్తయ్యగారూ. శుక్రవారం మీరు తొట్టి కడుగుతారు. శనివారం చేప పోతుంది. మిగతా రోజుల్లో ఒక్కటీ పోలేదండి."

"అంటే? శుభ్రం చేసి నేను చంపుతున్నాననా?"

"నీళ్లన్నీ ఒక్కసారే మార్చొద్దని ఉగాదినాడే చెప్పానండి."

"దేవుడి మూల వారం రోజుల మురుగు పెట్టుకోమంటావా? ఈ ఇంట్లో నిలవనీళ్లు కాళ్లు కడుక్కోవడానికి కూడా వాడరు. మీ పాలకొల్లులో ఏం చేస్తారో నాకు తెలీదు."

ఫణీంద్ర చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మోటారుసైకిల్ రెండుసార్లు తన్నితేగానీ స్టార్టవలేదు.

ఆ రోజు వరలక్ష్మమ్మ తొట్టిని ఎప్పటికన్నా గట్టిగా కడిగింది. చేపల్ని బకెట్‌లోకి తీయించి, పాతనీళ్లు చుక్క మిగలకుండా తోడించి, అడుగున ఉన్న రాళ్లని పూజసామానుతో పాటు చింతపండు వేసి తోమింది. కొత్తనీళ్లు వీధికొళాయి నుంచి పట్టించింది. కాలువలకి నీళ్లు వదిలి ఎన్నో రోజులు కాలేదు. పంచాయతీ చెరువులోకి బురదనీరు చేరడంతో బ్లీచింగ్ దండిగా వేస్తున్నారు. బిందె ఎత్తితే ముక్కుకి ఘాటు తగులుతోంది. ఆ నీళ్లలో చిటికెడు పసుపు వేసి, చేపల్ని వదిలి, రెండు అక్షింతలు చల్లి దణ్ణం పెట్టుకుంది.

"నీ కళ్లెదుటే కడిగాను. రేపటికి ఏమవుతుందో చూద్దాం" అంది కోడలితో.

రేపటిదాకా అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం అబ్బాయిరాజు తన చేపల చెరువు గట్ల మీంచి భోజనానికి వచ్చేసరికి చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన వాటికేసి చూడకుండానే పీట మీద కూర్చున్నాడు. ఆ తొట్టి పక్కనే రోజూ పేపరు చదువుతాడు, దానికేసి ఎన్నడూ చూడలేదు. చెరువులోవి చేపలు, ఇంట్లోవి వాస్తు అని ఆయన ఉద్దేశం.

భానుశ్రీ పప్పు వడ్డించింది. మామగారి ముందు నోరెత్తి మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు.

"మావయ్యగారూ, చెరువులో చేపలు ఇలా నోళ్లు పైకి పెడితే మీరేం చేస్తారండి?"

అబ్బాయిరాజు ముద్ద కలుపుతున్నవాడు తలతిప్పి చూశాడు. మరుక్షణం లేచాడు. కుడిచెయ్యి అన్నంతోనే ఉంది. ఎడమచెయ్యి తొట్టిలో ముంచి వాసన చూశాడు. ఒక చేపని వేళ్ల మధ్య పట్టుకుని మొప్ప ఎత్తి చూశాడు. రెక్కల మీద ఎర్రటి గీతలు సన్నగా పాకి ఉన్నాయి.

"బ్లీచింగ్. మొప్పలు కాలిపోతున్నాయి. ఎప్పటి నీళ్లివి?"

"పొద్దుటివి" అంది వరలక్ష్మమ్మ.

"కొళాయివేనా? ఒక్కరోజైనా నిలవ ఉంచలేదా?"

"నిలవనీళ్లు దేవుడి మూల పెడతారటండీ?"

"చెరువుకి బ్లీచింగ్ కొట్టాక వారం ఆగి, వాసన పోయాకగానీ చేపపిల్లని వదలం. ఈ ఇంట్లో నువ్వు వినని మాటా అది?"

"అది చెరువండి."

"చేపకేం తెలుసే, అది చెరువో దేవుడి మూలో."

పెరట్లో గోళెం నిండా నిన్నటి నీళ్లున్నాయి. భానుశ్రీ బిందెలతో మోసింది. అబ్బాయిరాజు తొట్టిలోవి సగానికి పైగా తోడేసి, గోళెంలోవి కొంచెం కొంచెంగా పోశాడు. విస్తట్లో అన్నం ఎండిపోయింది. సాయంత్రానికి ఎర్రవి ఒక్కొక్కటే కిందికి దిగి ఈదడం మొదలుపెట్టాయి. నల్లది మాత్రం వెల్లకిలా తేలింది.

దాన్ని వరలక్ష్మమ్మే తీసింది. మందారచెట్టు మొదట్లో తన చేత్తోనే గొయ్యి తీసి పూడ్చింది. ఇంటి కీడు తీసుకుపోయిందని అనలేదు. మట్టి సర్దుతూ సర్దుతూ అక్కడే కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని శుక్రవారాలు తలంటుకుని, మడి కట్టుకుని తను చేసినది ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. సూరమ్మ చూసి, ఆ పూట ఏ కబురూ చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాతి శుక్రవారం పూజసామాను మాత్రమే తోమారు. తొట్టిలోంచి నాలుగు చెంబులు తీసి, గోళెంలోవి నాలుగు చెంబులు పోసింది భానుశ్రీ. వరలక్ష్మమ్మ పక్కన నిలబడి చూసింది. రాళ్లకి పాకుడు పట్టినా ఏమీ అనలేదు. శనివారం ఫణీంద్ర వీధిగుమ్మంలోంచే ఇంట్లోకి వచ్చాడు, ఉత్తచేతులతో.

ఆషాఢం ముందురోజు భానుశ్రీ తండ్రి కారు తీసుకుని వచ్చాడు. వరలక్ష్మమ్మ కోడలికి కొత్తచీర పెట్టింది, సున్నుండల డబ్బా చేతికిచ్చింది. బొట్టు పెడుతుంటే ఆవిడ వేళ్లు ఒక క్షణం కోడలి నుదుటి మీద ఆగాయి.

"ఆ రోజు ఏదో నోరు జారానమ్మా. మనసులో పెట్టుకోకు. శ్రావణం రాగానే నేనే స్వయంగా వచ్చి తీసుకొస్తాను. సిద్ధాంతిగారిని అడిగేది లేదు. చేపలన్నీ చక్కగా బతికున్నాయి, ఇంక అడ్డేముంది?"

అబ్బాయిరాజు పేపరు దించి నవ్వాడు. ఫణీంద్ర పెట్టె ఎత్తి కారు వైపు అడుగేశాడు. భానుశ్రీ వంగి అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టి లేచింది.

"చచ్చిపోయుంటే తీసుకురారాండీ?"