మ్వేరా ఓడలో మాయమైన పంపు

ఉదయం తొమ్మిదికి సరస్సు ఓడ ‘మ్వేరా’ ఇంజన్ స్టార్ట్ చేయబోయారు. ఇంధన పంపు ఉండవలసిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు కనిపించాయి.

పదకొండింటికి పంపు దొరికింది. చీఫ్ ఇంజనీర్ యోనా చిపేటా కేబిన్‌లో, ఆయన పెట్టె అడుగున, గోనెగుడ్డలో.

వెతికి పట్టుకున్నది కంపెనీ మేనేజర్ గొండ్వే.

న్ఖాటా బే రేవుకు ఇన్‌స్పెక్టర్ లుసుంగు వచ్చేసరికి చిపేటా చేతులకు బేడీలున్నాయి. ఆయన మణికట్టు వాపు చూసి కానిస్టేబుల్ అప్పటికే బేడీని ఒక మెట్టు వదులు చేశాడు. ఆమె గమనించింది.

“మొన్ననే రిటైర్ అవ్వమన్నాను, మేడమ్. ఆ కోపంతో రాత్రి పంపు విప్పి దాచేశాడు” అన్నాడు గొండ్వే, భుజాన ఉన్న జిప్ సంచీ సర్దుకుంటూ.

“పంపు మళ్ళీ బిగించవచ్చుగా?”

“సాక్ష్యం కదా! ముట్టుకోకూడదు.”

రెండు గంటలకు ప్రభుత్వ సర్వేయర్ వస్తాడు. ఓడ నడిస్తే అనుమతి. నడవకపోతే తుక్కు. అప్పుడు లికోమా దీవికి పెద్ద ఓడంటూ ఉండదు.

“ప్రయాణం రద్దు! దిగండి!” అని గొండ్వే డెక్ మీద అరిచాడు.

ప్రయాణికులు ఒక్కరూ కదల్లేదు. మొక్కజొన్న బస్తాల మీద, కోళ్ళ గంపల పక్కన, అలాగే కూర్చున్నారు.

“దించు చూద్దాం” అంది ఎండుచేపల ఎస్నాతి. “మా అమ్మ నన్ను కన్నది ఈ బస్తాల మధ్యే. దొరల కాలంలో మమ్మల్ని పై డెక్ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. దొరలు పోయారు. మేం పోలేదు. నువ్వెంత నాయనా, నిన్నగాక మొన్న వచ్చావు!”

డెక్కంతా నవ్వింది.

లుసుంగు చిపేటాను వెంటబెట్టుకుని కిందికి దిగింది. చిపేటా కేబిన్ ఇరుకు. పక్క శుభ్రంగా ఉంది. దుప్పటి తెల్లగా ఉంది. కిటికీకి గట్టిగా గడియ వేసి ఉంది.

“కిటికీ ఎప్పుడు మూశారు, పెద్దాయనా?”

“పొద్దున్న సరస్సు మీద ఈగల దండు పొగలా లేచింది కదమ్మా. ఏడింటికి అన్నీ మూశాం. అందరం కింద సరుకుల గదిలోకి దూరాం.”

“అందరూ అంటే?”

“ఓడలో ఉన్నవాళ్ళందరూ. ప్రయాణికులు కూడా. ఊపిరాడక చచ్చాం. ఈ ముసలాడి పాట కూడా విన్నారు పాపం.”

“పంపు మీరు తీశారా?”

ఆయన తల ఎత్తాడు. “ముప్పై ఏళ్ళు దాన్ని బతికించాను. ఇప్పుడు నేనే పీక నొక్కుతానా? జైల్లో పెట్టుకో తల్లీ. ముందు దాన్ని బిగించనివ్వు.”

పైన డెక్ మీద ఎస్నాతి లుసుంగు చేతిలో వేడి వడలాంటిది పెట్టింది. “తినమ్మా. పొద్దున పట్టిన ఈగలవే. పొగ రాగానే మేం ఆడవాళ్ళం పెనాలు పట్టుకుని రేవు మీదికి పరుగెత్తాం.”

ఎస్నాతి పక్కన పెనం ఉంది. నూనె రాసిన అడుగున సరస్సు ఈగలు ఇంకా నల్లగా అంటుకుని ఉన్నాయి.

లుసుంగు పెనం చూస్తూ నమలడం ఆపింది.

“కానిస్టేబుల్! పంపు తీసుకురా. మేనేజర్ గారి సంచీ కూడా.”

ఒంటిగంటకు అందరూ ఓడలోని పెద్ద హాల్లో చేరారు.

“గొండ్వే గారూ, ఈ సరస్సుకు వచ్చి ఎన్నాళ్ళయింది?”

“ఐదు నెలలు.”

“ఈగల పొగ ఇంతకు ముందు చూశారా?”

“లేదు. ఇవాళే. అయితే?”

ఆమె గోనెగుడ్డ విప్పింది. పంపు నిండా గ్రీజు. గ్రీజు నిండా ఈగలు.

“రాత్రి ఇంజన్ రూంలో విప్పి, కిందినుంచి కిందే కేబిన్‌కు తెస్తే దీనికి ఈగ అంటదు. కేబిన్‌లో దుప్పటి మీద ఒక్క ఈగ లేదు. అంటే ఈ పంపు పొగలో ఆరుబయట నడిచొచ్చింది. పొగ వస్తే ఇక్కడివాళ్ళు తలుపులు మూస్తారు, లేదా పెనం తీస్తారు. సంచీ పట్టుకుని నడిచేది కొత్తవాళ్ళే.”

“అవును, ఈయనే!” ఎస్నాతి లేచింది. “కళ్ళు మూసుకుని వస్తూ నా పెనానికి గుద్దుకున్నాడు! పొగలో వెళ్ళకు బాబూ అంటే వినలేదు!”

“నిన్న సాయంత్రం అందరూ బస్తాలు ఎత్తుతుంటే మీరు ఇంజన్ రూంలోకి వెళ్ళి పంపు విప్పుకుపోయారు. ఇవాళ అందరూ సరుకుల గదిలో ఉండగా ఓడలోకి తెచ్చి, పెద్దాయన పెట్టెలో పెట్టారు. కానీ పంపు పొడవు. మీ సంచీ జిప్ పూర్తిగా పడలేదు.”

కానిస్టేబుల్ సంచీ బోర్లించాడు. గ్రీజు మరకలు. వాటిలో ఈగలు.

గొండ్వే ముఖం పాలిపోయింది. “తుక్కు వ్యాపారికి మాట ఇచ్చాను... ఎలాగూ చచ్చే ఓడే కదా!”

“చచ్చేది ఎవరో డెక్ మీదికొచ్చి చెప్పు!” అంది ఎస్నాతి.

బేడీలు చేతులు మారాయి. పంపు ఫోటోలు తీయించి, లుసుంగు దాన్ని తన చేతులతోనే చిపేటాకు అందించింది.

రెండుంబావుకు ఇంజన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. పట్టుకుంది.

రేవులో వేచి ఉన్న సర్వేయర్ ఓడెక్కాడు. అఖాతం దాటి తిరిగొస్తే చాలన్నాడు.

లుసుంగు రేవు మీద నిలబడి చూసింది. మ్వేరా అఖాతం దాటింది. తిరగలేదు. బస్తాలు, కోళ్ళు, ఎస్నాతి, సర్వేయర్‌తో సహా నేరుగా లికోమా వైపు సాగిపోయింది.

“మేడమ్, వెనక్కి రమ్మని వైర్‌లెస్‌లో చెప్పనా?” అన్నాడు కానిస్టేబుల్.

“ఆ ఓడ మీద ఎవరైనా కంప్లయింట్ ఇచ్చారా?”

“లేదు మేడమ్.”

“అయితే పద. ఈ మేనేజర్ గారిని స్టేషన్‌కు చేరుద్దాం.”