పెళ్ళివారి గెడ్డ

తగరపువలస దాటాక, కొండల మధ్య వాగు కోసిన రాతిలోయ ఒకటుంది. వాగుని అక్కడ గెడ్డంటారు కాబట్టి, పెళ్ళివారి గెడ్డ అని పేరు. పొద్దు వాలితే అటు మేకలు కూడా పోవట.

ఫారెస్టువాళ్ళు కంచె వేసి, 'నీటి కోతకు ఏర్పడిన శిలలు' అని బోర్డు పెట్టారు. ఊరివాళ్ళు ఒప్పుకుంటేగా! పెళ్ళివారు గెడ్డ దాటుతుంటే వరదొచ్చిందట. పెళ్ళికొడుకు వెనక్కి చూడకుండా ముందు నడిచాడు. తిరిగి చూసేసరికి పెళ్ళికూతురు లేదు. ఆమె దొరికేదాకా కదలనని అక్కడే రాయైపోయాడు — మేళగాళ్ళతో సహా. మేళం ఆ రోజు ఆగింది ఆగినట్టే.

డెబ్భై ఎనిమిదిలో ఆ రాళ్ళు చూడ్డానికి వైజాగ్ నుంచి ఓ కొత్త జంట వచ్చింది. పోర్టులో గుమాస్తా శుభాకర్, అతని భార్య పుష్పకుమారి. చర్చిలో ఉంగరాలు మార్చుకుని నెల కూడా కాలేదు.

రాళ్ళ దగ్గరే మసకబడింది. కాపలాదారు వరహాలు గొంతు తగ్గించి చెప్పాడు.

"బాబూ, అమ్మ సెయ్యట్టుకుని నడవండి. ఎనకాతల ఒగ్గేయకండి. ఆడికింకా పెళ్ళికూతురు దొరకనేదు..."

శుభాకర్ నవ్వేశాడు. "నలుగురూ సూస్తే ఏటనుకుంటారు?" అని చకచకా ముందు నడిచాడు. ఆ గెడ్డలో నలుగురెక్కడున్నారో ఆయనకే తెలియాలి!

పుష్పకుమారి చెప్పు తెగింది. వెనకబడిపోయింది. మలుపు తిరిగితే... మనిషి లేడు. బండల కింద నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తెగిన చెప్పు చేత పట్టుకుని బండలు తడుముకుంటూ కదిలింది.

అప్పుడు — ముందున్న చీకట్లోంచి వెనక్కి చాచిన చెయ్యొకటి కనిపించింది.

గబుక్కున పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. అయితేనేం, మొగుడు మొదటిసారి చెయ్యి పట్టుకున్నాడని ఆ భయంలోనూ పొంగిపోయింది, పిచ్చితల్లి. ఆ చెయ్యి ఆమెను కాలు జారకుండా, రాయి తగలకుండా నడిపించింది. ఒక్క మాట మాత్రం లేదు...

రోడ్డు మీద లారీ దీపాలు పడ్డాయి. ఆ చెయ్యి ఆమెను వదిలేసింది.

కల్వర్టు మీద శుభాకర్ కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర సిగరెట్ పీకలు.

"ఇంతసేపూ ఏటి సేత్తన్నావ్? బస్సు ఎల్లిపోద్ది!"

"మీరే కదండీ... ఇందాకట్నించీ నా చెయ్యి పట్టుకుని..."

"నానా? నానెప్పుడో వచ్చి కూకున్నాను."

ఆమె చెయ్యి చూసుకుంది. నిండా తడి ఇసుక. కొంగుతో తుడుచుకుంది. ఇసుక పోయింది...

వేలికి ఉంగరం లేదు.

శుభాకర్ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే వెనక గెడ్డలో మేళం మొదలైంది.