చేతుల కబ్జా

మేడిపల్లి హన్మండ్లు చెప్పే ముచ్చట్లలో సగం కోసి పారేసినా, మిగిలిన సగం కూడా అబద్ధమేనని ఊళ్లో పేరు. అడవిలో ఎలుగుబంటికి చుట్ట ముట్టించి ఇచ్చి, మంచిచెడ్డలు అడిగి పంపిన మనిషి మరి! కానీ పెండ్లాం చంద్రవ్వకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిన నాటి నుంచి ఆయన చేసిన సేవ మాత్రం అచ్చమైన నిజం. పండ్లు తోమడం, తల దువ్వడం, స్నానాలగదికి ఎత్తుకుపోవడం, అన్నీ ఆయనే. చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేసేంత కోలుకున్నాక కూడా కాలు కింద పెట్టనివ్వలేదు. ఊరు మెచ్చుకున్నకొద్దీ ఇంకాస్త చేశాడు.

ఆ పొద్దు కూడా ఉప్మా ముద్ద పట్టుకొని కూర్చున్నాడు. చంద్రవ్వ నోరు తెరవలేదు. నీళ్లిస్తే ఒక్క గుక్క మింగి మూతి తిప్పుకుంది. మనిషి రోజురోజుకూ ఎండిపోతోంది.

అప్పుడే సిరిసిల్ల నుంచి బిడ్డ లీల వచ్చింది. వెంట ఇంకో అమ్మాయి.

"బాపూ, ఈమె సాదియా. కోరుట్లల ఉంటది. ఆక్యుపేషనల్ థెరపిస్టు."

హన్మండ్లు చేతిలోని ముద్ద పళ్లెంలో పడింది. చెరువు కింది రెండు గుంటల భూమి కోసం దాయాదితో కోర్టులో కొట్లాడిన రోజుల్లో 'ఆక్యుపై' అన్న మాట వినీ వినీ ఆయన చెవులు చిల్లులు పడ్డాయి.

"ఆక్యుపేషనా? అంటే కబ్జానే గదా! ఉన్న ఒక్క ఇల్లు కబ్జా వెట్టనీకె మనిషిని తోలుకచ్చినవా బిడ్డా?"

సాదియా పకపకా నవ్వింది. "కబ్జా పెట్టుడు కాదు కాకా, ఇడిపిచ్చుడు. తినుడు, తానం చేసుడు, చీర కట్టుకునుడు... పెద్దమ్మ పనులు మల్ల పెద్దమ్మ చేతికే అచ్చేటట్టు చేస్త."

అని, చెంచా పిడికి పాతగుడ్డ లావుగా చుట్టింది. పళ్లెం జారకుండా కింద తడిబట్ట పరిచింది. చెంచాను చంద్రవ్వ కుడిచేతిలో పెట్టి, ఎడమచేతిని ఆసరా ఇవ్వమంది. చెయ్యి వణికింది. ఉప్మా అంతా చీర మీద పడింది.

హన్మండ్లు చెంచా గుంజుకున్నాడు. "బీమార్ మనిషితోని పని చేపిస్తరా? నేను సచ్చిన్నా?"

"నువ్వు బతికుండి అవ్వను బొమ్మను చేసినవ్ బాపూ!" అంది లీల.

"తినవెట్టుడు తప్పా? ఇద్దరూ నడువుండ్రి బయటికి!"

ఠప్పున పళ్లెం మోగింది. చంద్రవ్వ ఎడమచేత్తో కొట్టింది. ఆమెకు మాట ముద్దముద్దగా వస్తుంది. అయినా ఆ పూట అందరికీ తెలిసేటట్టే అంది.

"నా చేతులు... నువ్వే కబ్జా వెట్టినవ్."

ఆమె నీళ్ల చెంబు వైపు చెయ్యి చూపింది.

"నీళ్లు తాగితే... ఒంటికి పోవాలె. నువ్వు ఎత్తుకపోతవు. ఆడనే నిలవడుతవు. సిగ్గైతది. అందుకే... తాగుతలేను."

ఎలుగుబంటిని మంచిచెడ్డలు అడిగిన మనిషి, ఇంట్లో పెండ్లాన్ని అడగనే లేదు. ఎంత ప్రేమగా, ఎంత దాహంతో ఉంచాడు ఈ మనిషిని! చెంచా మీది గుడ్డ సరిచేసి, మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు.

సాదియా ఒక్క మందుబిళ్ల ఇవ్వలేదు. మేస్త్రీ మొగిలయ్యను పిలిపించి, స్నానాలగది గోడలకు చంద్రవ్వ చెయ్యి అందే ఎత్తులో ఇనుప పిడులు పెట్టించింది. లోపల కుర్చీ వేయించింది. రవిక తొడుక్కునేటప్పుడు ముందు పడిపోయిన చేతిని దూర్చాలని నేర్పింది. కోరుట్ల నుంచి వచ్చిన ప్రతిసారీ చంద్రవ్వ కొత్త పని ఒకటి చేసి చూపేది.

"జగిత్యాల డాక్టర్లు పానం నిలవెట్టిండ్రు. గీ పోరి మనిషిని నిలవెట్టింది" అని హన్మండ్లు ఊరంతా చాటాడు. ఈసారి కోసి పారేయడానికి అందులో ఏమీ లేదు.

ఒకనాడు చంద్రవ్వ పిడి పట్టుకొని, అడుగులో అడుగేసుకుంటూ స్నానానికి నడిచింది. వెనకే పోబోయిన హన్మండ్లు ముక్కు మీదికే తలుపు మూసుకుంది.

"గడె పెట్టకు పెద్దమ్మా, దగ్గరికెయ్యి చాలు" అంది సాదియా.

లోపల నీళ్ల చప్పుడు. అంతలో మగ్గు కిందపడ్డ మోత. హన్మండ్లు తలుపు మీద చెయ్యి వేశాడు. లీల ఆ చేతిని మెల్లగా పట్టుకుంది.

"చంద్రవ్వా! ఏమైందే?"

"ఏం గాలే." కాసేపటికి మళ్లీ ఆమె గొంతు. "ఇగో, ఉన్నవా?"

"ఉన్న, ఈడనే ఉన్న."

"ఉండు. లోపలికి మాత్రం రాకు."

"రాను" అన్నాడు హన్మండ్లు, తువ్వాలతో కండ్లు ఒత్తుకుంటూ.