గాల్లో రెండు గంటలు, ఒళ్లో బుడంకాయ

"అయ్యో, ఆ పాలు ఇప్పుడే పట్టకండి!"

తలెత్తి చూశాను. విమానం గేటు దగ్గర, ఎదురు కుర్చీలో ఒక అమ్మాయి. నా ఒళ్లో పద్నాలుగు నెలల బుడంకాయ సీసా పట్టుకుని జుర్రుకుంటోంది.

"విమానం పైకి లేచేటప్పుడు పట్టండి. గుటకలు వేస్తుంటే పిల్లలకి చెవులు నొప్పెట్టవు. నేను క్రెష్‌లో టీచర్ని, అందుకే చెబుతున్నా."

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. రోజుకి వంద అంతస్తులు ఎక్కి దిగే నాకు, పైకెళ్లడం గురించి పాఠమా? ఒళ్లు మండింది.

"మా పాప, మా పాలు. మధ్యలో మీకేమిటండీ?"

"నాకేం లేదు. కానివ్వండి," అని ఆమె ఫోన్‌లో తల దూర్చేసింది.

నిజానికి బుడంకాయ మా అక్క కూతురు. కొత్త ఉద్యోగంలో చేరడానికి అక్క నెల ముందే వెళ్లింది. బావకి సెలవు దొరకలేదు. "నేను తీసుకొస్తాగా" అని గొప్పకి పోయింది నేనే.

ఎక్కి కూర్చున్న కాసేపటికి పక్క సీట్లోకి వచ్చింది ఆ టీచరే! ఇద్దరం చెరోవైపు చూస్తూ కూర్చున్నాం.

విమానం లేచింది. బుడంకాయ రాగం అందుకుంది. సీసా ఖాళీ. ఊపాను, ఊదాను, కోతిలా మొహం పెట్టాను. అది చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఇలా ఇస్తారా?" అంది టీచర్.

పాపని ఇచ్చేశాను. తన సీసాలోని నీళ్లు చెంచాతో ఒక్కో గుటకా పట్టింది. ఐదు నిమిషాల్లో ఏడుపు ఆగింది.

"బొమ్మలేవీ?"

"గేటు దగ్గరే అన్నీ ఇచ్చేశాను. అన్నీ విసిరేసింది."

"అన్నీ ఒకేసారా! భలే మనిషండీ మీరు."

నా దువ్వెన, కళ్లజోడు పెట్టె, ఆ చెంచా తీసుకుని ఒక్కోదాన్నీ కాగితం రుమాల్లో చుట్టింది. అరగంటకొకటి ఇచ్చింది. బుడంకాయ ఆ పొట్లాలు విప్పుకుంటూ కిలకిలా నవ్వుతోంది. నా దువ్వెనకి అంత విలువుందని నాకే తెలీదు.

టీచర్ కూడా నవ్వింది. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట. అంతే, మనసు పారేసుకున్నాను.

"వాళ్లమ్మ రాలేదా?" అడిగింది.

"అక్కడే ఉంది. నెలైంది చూసి. మా కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది."

"ఓ," అంది. సొట్ట మాయమైంది. పుస్తకం తెరిచింది.

ఏం తప్పు మాట్లాడానో తెలీక అరగంట బుర్ర గోక్కున్నాను. అప్పుడు వెలిగింది. 'మా పాప' అని డాబుగా అన్నానుగా! నా నోటితో నేనే తండ్రినైపోయాను.

ఉన్నట్టుండి "నాకు పెళ్లి కాలేదండీ" అంటే ఏమనుకుంటుంది? అనకపోతే, తలుపు తెరవగానే ఎవరి దారి వాళ్లది. ఇంక ఈ జన్మలో కనిపించదు.

విమానం దిగసాగింది. టీచర్ పాపకి మళ్లీ నీళ్లు పడుతోంది. నాకెవరు పడతారు? నా చెవులు మూసుకుపోయాయి. నా గొంతు నాకే వినపడక, కాస్త గట్టిగానే చెప్పాను.

"ఈ పాప మా అక్క కూతురండీ! నాకింకా పెళ్లి కాలేదు!"

ముందు మూడు వరుసలూ వెనక్కి తిరిగాయి. టీచర్ మొహం ఎర్రబడింది. చెంచాడు నీళ్లు నా నోట్లోనే పోసింది.

"ముందు మింగండి. విమానమంతా విన్నారు."

మింగాను. చెవులు తెరుచుకున్నాయి.

"ఈ సీటు నాది కాదు," అంది మెల్లగా. "గేటు దగ్గర సీసా ఖాళీ కావడం చూసి, ఇక్కడ కూర్చోవాల్సిన పెద్దాయన్ని బతిమాలి మార్చుకున్నాను. పాప కోసం."

"ఇప్పుడూ పాప కోసమేనా?"

"ఇప్పుడు... సగం."

ఆ మిగతా సగానికి నేను గాల్లో తేలిపోయాను. అప్పటికి విమానం నేల మీదే ఉంది.

బయట అక్క పరుగెత్తుకొచ్చి, టీచర్ చంకలోంచి కూతుర్ని లాక్కుని ముద్దులతో ముంచేసింది. కళ్లు తుడుచుకున్నాక ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, నావైపు తిరిగింది.

"ఏరా, ఒకర్ని తీసుకురమ్మంటే ఇద్దర్ని తెచ్చావా?"

నేను నోరు తెరిచేలోపే టీచర్ అందుకుంది.

"ఆయన తెచ్చింది సంచీ ఒక్కటేనండీ. మీ పాపనీ, మీ తమ్ముణ్ణీ ఇక్కడిదాకా తెచ్చింది నేను."