ఎర్ర అంచు

మా సంఘం షెడ్డు కైకలూరు దాటాక కొల్లేటి గట్టు మీద ఉంది. చుట్టూ చేపల చెరువులు. పగలూ రాత్రీ చేపలకి గాలందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ మోగుతూనే ఉంటాయి. ఆ మోత మాకెంత అలవాటంటే, అది ఆగినప్పుడే ఉలిక్కిపడతాం. షెడ్డులో నేల మీద పరిచిన మగ్గాలు మూడు. ఆడవాళ్ళం కలిసి తుంగ చాపలు నేస్తాం. ఒక్కో మగ్గానికీ ఇద్దరు కావాలి. ఒకరు పొడవాటి పుల్లకి తడి తుంగ తగిలించి పడుగు దారాల మధ్య నుంచి దూరుస్తారు. ఎదురుగా కూర్చున్నామె బరువైన అచ్చుతో దాన్ని దగ్గరికి కొడుతుంది. ఊళ్ళో సంసారాల గుట్లన్నీ ఆ ఇద్దరి మధ్యే బయటపడతాయి.

మూడో మగ్గం దగ్గర దూర్చేది బుల్లెమ్మత్త, కొట్టేది నేను. పెళ్ళై ఈ ఊరొచ్చిన నాటి నుంచీ అంతే. ఆమె రెండు పుల్లలు గబగబా దూర్చి, మూడోదానికి ముందు కాస్త ఆగేది. నోట్లో ఆకూవక్కా ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకోవాలిగా మరి.

మా చాపలకి రెండు చివర్లా ఎర్ర తుంగతో అంచు వేస్తాం. బతికున్నవాళ్ళు పడుకునే చాపకి అంచు ఉండాలి. అంచు లేని చాప పాడె మీదికే. చాప మగ్గం మీద ఉండగా నేసే మనిషి పోతే, ఆ సగం చాపని కోసి ఆమెతో పంపేయాలి. పెద్దల నుంచి వస్తున్న ఆనవాయితీ అది.

కిందటి కార్తీకంలో తుంగ కోయడానికి వెళ్ళిన బుల్లెమ్మత్త దోనె తిరగబడి చనిపోయింది. మగ్గం మీద ఆమె సగం నేసిన చాప కోసేద్దామన్నారు అందరూ. నేనే వద్దన్నాను. ఇప్పటికీ వద్దనే అంటాను. ఆమె చేతిపని మిగిలింది అదొక్కటే. ఆ తుంగ పెరిగిన మడుగు కూడా ఇప్పుడు చేపల చెరువైపోయింది. దాన్ని బూడిద చేయడానికి నాకు మనసు రాలేదు.

ఆ తర్వాత మొదలైంది. చీకటి పడ్డాక మూడో మగ్గం దగ్గర చప్పుడు వినిపిస్తోందని ఒకామె మానేసింది. ఆమెను చూసి ఇంకొకామె. చివరికి షెడ్డులో నేనూ, మెర్సీ మిగిలాం. షెడ్డు ఖాళీ అయితే మేత బస్తాలు పెట్టుకుందామని పక్క చెరువు వాళ్ళు గోడలు కూడా కొలుచుకుని వెళ్ళారు. మా వాళ్ళని బతిమాలితే, "ఆ చాప దిగితే వస్తామండీ" అన్నారు.

సరే, పూర్తిచేసి దించుతాను అన్నాను.

ముసురు పట్టిన సాయంత్రం. మెర్సీ బుల్లెమ్మత్త చోట కూర్చుంది. పాతికేళ్ళ పిల్ల, చర్చిలో పాటలు పాడుతుంది. దెయ్యాల్లేవంటూనే మెడలో శిలువ మాటిమాటికీ తడుముకుంటోంది.

"దాన్ని అరగదీసేయకే" అన్నాను.

పని సాఫీగానే సాగింది. ఇంకో జానెడు ఉందనగా కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగిపోయాయి. కప్పు మీద వాన చప్పుడొక్కటే. నా చెయ్యి నాకే కనిపించని చీకటి.

మెర్సీ ఏదో గొణిగింది. వానలో వినపడలేదు.

"భయపడకు. చేతులకి పని తెలుసు" అన్నాను.

కాసేపటికి పుల్ల వచ్చింది. కొట్టాను. మళ్ళీ వచ్చింది. కొట్టాను. ఎండబెట్టి నానేసిన తుంగ వాసన కాదు... అప్పుడే కోసిన పచ్చి వాసన. కొల్లేటి బురద వాసన.

"చెయ్యి బాగా తిరిగిందే మెర్సీ" అన్నాను.

రెండు పుల్లలు గబగబా వచ్చాయి. తర్వాత కాస్త ఆగింది... మూడోది. మళ్ళీ రెండు. మళ్ళీ ఆగింది.

అచ్చు ఎత్తి అలాగే పట్టుకున్నాను.

గుమ్మం దగ్గర సెల్‌ఫోన్ వెలుగు. "అక్కా, లైటు తెస్తానని చెప్పి వెళ్ళానుగా. ఎవరితో మాట్లాడుతున్నారండీ?"

మెర్సీ.

అవతలి నుంచి పుల్ల మళ్ళీ వచ్చింది. నా వేళ్ళకి తగిలి ఆగింది. ఎదురుచూస్తోంది.

"దుర్గక్కా... వచ్చేయండి..."

భయం వేసింది. వేయలేదంటే పెద్దింట్లమ్మ తల్లి ఊరుకోదు. కానీ లేచి వెళ్ళానంటే మర్నాడు ఈ షెడ్డులో మేత బస్తాలే. భయం వెనకాలే కోపం వచ్చింది.

"లైటు ఇటు తిప్పకు. అక్కడే ఉండు" అన్నాను మెర్సీతో. తర్వాత ఎదురుగా ఉన్న చీకటితో, మెల్లగా, "అత్తా, ఇక అంచే. ఎర్రది ఇవ్వు."

తుంగ వచ్చింది. రంగు అద్దిన తుంగ గరుకుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. లాగి పారేశాను.

"ఎర్రది."

మళ్ళీ నున్నగా... చల్లగా. మళ్ళీ పారేశాను.

"నీకు కావాలంటే అంచు లేని చాప వేరే నేసి నీళ్ళలో వదులుతాను. ఇది సంఘానిది. దీని మీద బతికున్నవాళ్ళు కూర్చుంటారు. నువ్వెంత మొండిదానివో నేనూ అంతే. నీ దగ్గరే నేర్చుకున్నాను."

అవతల నేల మీద నీటి చుక్కలు... ఒకటి... ఇంకొకటి...

గరుకు తుంగ నా వేలికి తగిలింది. అచ్చు ఎత్తి కొట్టాను.

కరెంటు వచ్చేసరికి అంచు పూర్తయింది. ఎర్రగా, తిన్నగా. ఎదురుగా ఎవరూ లేరు. ఎర్ర తుంగ కట్ట మాత్రం నా వెనకే ఉంది. దాని ముడి ఎవరూ విప్పలేదు.

ఆ వారమే అందరూ తిరిగి వచ్చారు. మధ్యాహ్నం ఆ చాప మీదే కూర్చుని అన్నాలు తింటాం. పక్క చెరువు వాళ్ళు బస్తాలు ఇంకెక్కడో పెట్టుకున్నారు. మూడో మగ్గం దూర్చే వైపు ఎవర్నీ కూర్చోనివ్వను. సాయంత్రాలు అందరూ వెళ్ళాక నేనొక్కదాన్నే అచ్చు పట్టుకుంటాను. పుల్ల వస్తుంది. ఎర్రది అంటే ఎర్రది వస్తుంది. నాకు పిచ్చని కొందరంటారు. అననీ.

నిన్నటిదాకా అలాగే జరిగింది.

నిన్న చాప చివరికొచ్చింది. ఎర్రది ఇవ్వు అన్నాను. నున్నటిది వచ్చింది. పారేశాను. మళ్ళీ అదే. ఎంత అరిచినా, ఎంత బతిమాలినా అదే. ఆ చాప మెర్సీ పెళ్ళికి నేస్తున్నది. ఆ మాట ఆ మగ్గం దగ్గర నేనెప్పుడూ అనలేదు.

అంచు పడలేదని మెర్సీకి చెప్పలేదు. ఇవాళ అందరూ వెళ్ళాక, ఎర్ర కట్ట ముడి విప్పి ఒళ్ళో పెట్టుకుని, అత్త చోట నేనే కూర్చున్నాను. నువ్వివ్వకపోతే నేనిస్తాను అన్నాను. ఎర్ర తుంగ పుల్లకి తగిలించి, దారాల మధ్య నుంచి అవతలికి దూర్చాను.

అవతల, నేను కూర్చునే చోట, అచ్చు పైకి లేచింది.

ఇంకా కిందికి దిగలేదు. నేనూ లేవలేదు.