మచ్చు ఫోటో

ఐసులో పెట్టిన శవం త్వరగా వాసన పట్టదు. ప్రసాద్‌ని చంపినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

2006 మే నెల, గురువారం. గిలకలదిండి హార్బర్‌లో తెల్లవారగానే వేలంపాట ఊపందుకుంది. వంజరం చేపల గుట్ట మీద వెయ్యడానికి ఐసు కోసం పోలమ్మ పెద్ద పెట్టెలోకి పార దించింది. పార మెత్తగా తగిలింది. ఆమె పెట్టిన కేకకి పాట ఆగిపోయింది. తుఫాను రోజుల్లో తప్ప ఆ రేవులో పాట ఆగడం ఎవరూ ఎరగరు.

"ఇంజన్ల ప్రసాదేనయ్యా! నిన్న సందేళ నా చేతి పులుసు అడిగి తిన్నాడయ్యా!" అంటూ పోలమ్మ గుండెలు బాదుకుంది.

జనంలోంచి కృష్ణచైతన్య ముందుకు వచ్చాడు. చేతిలో బ్రీఫ్‌కేసు, మెడలో రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీ కార్డు. ఆ కార్డు ఎంత అబద్ధమో ప్రసాద్ బోటు మెకానిక్ అన్నదీ అంతే అబద్ధం. ఇద్దరిదీ ఒకే సీక్రెట్ డిపార్టుమెంటు. ప్రసాద్‌కి ట్రైనింగ్ ఇచ్చిందీ, ఏడాది క్రితం విదేశీ ముఠా వాడుకునే బోటులోకి మెకానిక్‌గా ఎక్కించిందీ కృష్ణచైతన్యే.

మెడ వెనక ఒకే ఒక్క బుల్లెట్. శవాన్ని పైకి ఎత్తుతుంటే కింద తడిసిన ఫోటో ఒకటి కనిపించింది. చంపినవాడు ముఖం పోల్చుకోవడానికి తెచ్చుకుని జారవిడుచుకున్నట్టున్నాడు.

ఫోటోలో పెళ్ళి స్టేజి. వధూవరుల పక్కన ప్రసాద్, ముఖంలో బలవంతపు నవ్వు. అతని భుజాన్ని ముందుకు నెడుతూ ఫ్రేము అంచులో ఒక చెయ్యి. ఆ చెయ్యి తనదేనని కృష్ణచైతన్య గుర్తుపట్టాడు.

నాలుగు రోజుల క్రితం, గుడివాడలో చీఫ్ రామబ్రహ్మం గారి కూతురి పెళ్ళి. "ఫోటో వద్దు సార్, కింద నుంచే అక్షింతలు వేసి భోంచేసి వెళ్ళిపోతాను" అన్నాడు ప్రసాద్. "ఆడపిల్ల పెళ్ళికి వచ్చి స్టేజి ఎక్కకుండా పోతే ఏం బాగుంటుందిరా? పద" అని నెట్టింది తనే.

* * *

మచిలీపట్నంలో రొయ్యల చెరువులకి సలహాలు చెప్పే ఆఫీసని బోర్డు. లోపలి గదిలో రామబ్రహ్మం తడి ఫోటోని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చేసిన తప్పు అదొక్కటే. విదేశాల రేవుల్లో మారుపేర్లతో బతుకుతున్న మనుషులు సెలవు మీద వచ్చి ఉన్నారని, ముచ్చటపడి కూతురి పెళ్ళికి పిలిచాడు. ప్రసాద్‌తో కలిపి తొమ్మిది మంది. ఒకే లైనులో స్టేజి ఎక్కారు, ఒక్కొక్కరూ ఒక్కో ఫోటో దిగారు.

"వేరే కెమెరా ఏదీ లోపలికి రానివ్వలేదు" అన్నాడు రామబ్రహ్మం. "ఫోటోగ్రాఫర్ దగ్గర మెమరీ కార్డు స్టేజి దిగకముందే నేనే తీసేసుకున్నాను. అప్పటినుంచీ బీరువాలోనే ఉంది. ఇది బయటికి ఎలా వచ్చింది చైతన్యా?"

"మిగతావి కూడా వచ్చేసి ఉంటాయి సార్."

"వచ్చాయి. మా గుడివాడలో ధాన్యం అమ్మేవాడు ముందు గుప్పెడు మచ్చు చూపిస్తాడు. నచ్చితేనే బస్తాల బేరం." రామబ్రహ్మం తడి ఫోటో మీద వేలు పెట్టాడు. "ప్రసాద్ మచ్చు. సరుకు నిజమైనదని కొనేవాడికి రుజువైంది. ఇంక ఎనిమిది మంది ఉన్నారు. నిన్నే ఎవరి రేవులకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు వెనక్కి పిలిస్తే వాళ్ళెవరో మనమే చాటింపు వేసినట్టు."

"కొనేవాడు ఎవరు?"

"కెప్టెన్. ఇరవై ఏళ్ళుగా వాడి పేరు వినడమే. వాడి ఫోటో ఏ దేశం దగ్గరా లేదు. ఒక్క సంగతి మాత్రం ఫైల్లో ఉంది. కాపీ తీసిన సరుకుకి వాడు డబ్బివ్వడు. కాబట్టి ఫోటోలు ఒక్కచోటే ఉంటాయి."

ప్రసాద్ బుధవారం ఆఫీసుకి చేసిన ఆఖరి ఫోన్ కాల్ టేపు వేశారు. "సార్, నాజిల్ స్పేరు ఒకటి శనివారం పదకొండింటికి పంపండి. నాగాయలంక అవతల, ఎదురుమొండి కాలువ. పోటు మీద వస్తే బాగుంటుందండీ." నాజిల్ అంటే వాళ్ళ కోడ్‌లో ముఠా మీటింగు.

"కోస్ట్ గార్డ్‌ని పెట్టి పట్టేద్దామా సార్?"

"కెప్టెన్ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటుంది. పడవ నీడ కనిపిస్తే చాలు, ఫోటోలు పైకి పంపేస్తాడు. ముందు ఫోటోలు పోవాలి. తర్వాతే వాడు. ఎలాగో నాకు తెలియదు."

కృష్ణచైతన్యకీ తెలియదు. బీరువాలోని మెమరీ కార్డు జేబులో వేసుకుని గుడివాడ బస్సెక్కాడు.

* * *

ఫోటోగ్రాఫర్ కోటేశ్వరరావు స్టూడియో గుడివాడలో బస్టాండుకి దగ్గర. మనిషి అమాయకుడు. అడగకముందే కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది కాదండీ. కంపెనీ మేడమ్ గారు డెమోకి ఇచ్చారు. పెళ్ళి అయ్యాక వచ్చి తీసుకెళ్తానన్నారు, మళ్ళీ కనపడలేదు. దీంట్లోనే వైర్‌లెస్ ఉందండీ. మనం ఇక్కడ బటన్ నొక్కితే ఫోటో గాల్లో ఎగిరెళ్ళి వంద అడుగుల లోపున్న లాప్‌టాప్‌లో పడుతుంది. కేబులూ లేదు, ఏమీ లేదు."

"పెళ్ళిరోజు ఆ లాప్‌టాప్ ఎక్కడుంది?"

"మేడమ్ గారి కార్లోనండీ. కల్యాణమండపం గోడ పక్కనే పెట్టుకుని కూర్చున్నారు. కెమెరా మీద ఈ వైర్‌లెస్ నీలం లైటు ఆర్పొద్దన్నారు, నేను ఆర్పలేదు. తప్పేమన్నా చేశానా అండీ?"

కృష్ణచైతన్య కార్డుని కెమెరాలో పెట్టి మొదటి ఫ్రేము తెరిచాడు. ఏ ఫోటోగ్రాఫరైనా కొత్త ఫ్లాష్‌ని ఎదురుగా ఉన్నవాళ్ళ మీదే పరీక్షిస్తాడు. ఆ పరీక్ష ఫోటోలో ఒక అందమైన యువతి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ముఖం దాగింది గానీ, వెనకున్న స్టూడియో మేకప్ అద్దంలో పక్కనుంచి పూర్తిగా పడింది.

ఐశ్వర్య. మూడేళ్ళ క్రితం డిపార్టుమెంటే ముఠాలోకి పంపిన ఐశ్వర్య. పెళ్ళికి రాలేనని చీఫ్‌కి శుభాకాంక్షల టెలిగ్రాం పంపిన ఐశ్వర్య. ఆ తొమ్మిది మంది ముఖాలూ ఎరిగిన మనిషి బయట ఆమె ఒక్కతే.

"మేడమ్ గారిని తప్పుపట్టలేం గానీ, ఆ సాఫ్ట్‌వేరు మాత్రం దండగండీ" అన్నాడు కోటేశ్వరరావు. "లాప్‌టాప్‌లో దాన్ని తెరిస్తే చాలు, ఈ కెమెరాని దానంతటదే వెతుక్కుంటుంది. బాగానే ఉంది. కానీ పాత ఫోటో నంబరుతో కొత్తది వచ్చిందనుకోండి, అడగదు, చెప్పదు. పాతదాన్ని తుడిచేసి దాని స్థానంలో కూర్చుంటుంది. డెమోలో మా మనవరాలి ఫోటోలు మూడు అలాగే పోయాయండీ."

కృష్ణచైతన్య తలెత్తాడు. "కెమెరా నంబరు ఎలా ఇస్తుంది?"

"కార్డులో ఆఖరి నంబరు ఏదుంటే దాని తర్వాతది."

స్టేజి మీద ఎనిమిది మంది ఫోటోలు 311 నుంచి 318. వెనకాడుతూ ఆఖరున ఎక్కిన ప్రసాద్‌ది 319. కృష్ణచైతన్య 310 వరకూ ఉంచి, తర్వాతవన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. ప్రసాద్ ముఖం దగ్గర అతని వేలు చాలాసేపు ఆగింది. చివరికి అదీ చెరిపాడు.

* * *

శనివారం పదకొండు గంటలు. ఎదురుమొండి కాలువలో పోటు నీరు నిండుగా ఎక్కుతోంది. మడ చెట్ల వేళ్ళ మధ్య, నడుము లోతు బురదనీళ్ళలో, ఒంటినిండా బురద పూసుకుని పీతలు పట్టేవాడొకడు నిలబడి ఉన్నాడు. గుండెలకి ఆనించుకున్న గంపలో పీతల కింద ప్లాస్టిక్ కవరు, అందులో కెమెరా, గంప కంతలోంచి బయటికి చూస్తున్న లెన్సు.

బోటు వచ్చి ఆగింది. డెక్ మీద ఇద్దరు. ఐశ్వర్య నల్ల కళ్ళద్దాల్లో ఎప్పటిలాగే అందంగా ఉంది. పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న విదేశీయుడు. కెప్టెన్.

"ఫోటోలు మూడువందల పైనే" అంటోంది ఐశ్వర్య ఇంగ్లీషులో. "అందరూ చుట్టాలూ పక్కాలే. నీకు కావలసినవాళ్ళు ఎవరో నేను చూపిస్తాను. చూపించిన ప్రతి ముఖానికీ పేరు చెబుతాను."

ఆమె లాప్‌టాప్‌లో ఫోటోల సాఫ్ట్‌వేరు తెరిచింది. గంపలో నీలం లైటు వెలిగింది.

క్లిక్. 311. ఒక్కో ఫోటో దాటడానికి పది సెకన్లు. ఎదురుగా బోటు తప్ప తీయడానికి మరేమీ లేదు. క్లిక్. 312. 313. ఒక్కో అంకెకీ ఒక మనిషి. ఒకడు విదేశీ ఓడలో వంటవాడు, ఒకడు వెల్డరు, ఒకడికి అక్కడ పెళ్ళాం పిల్లలు. 314. 315. 316.

317 దగ్గర లైటు ఆరిపోయింది. పోటుకి బోటు ఎగువకి జరిగింది, దూరం పెరిగింది.

కృష్ణచైతన్య మడచెట్ల చాటు వదిలేశాడు. నీళ్ళు తోసుకుంటూ బోటు మీదికే నడిచాడు. "పీతలండీ! మంచి మండ పీతలు! చవగ్గా ఇచ్చేస్తాను అమ్మగారూ!"

లైటు వెలిగింది. 317 వెళ్ళింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది.

ఐశ్వర్య తల తిప్పింది. బురద వెనక ఉన్న ముఖాన్ని ఆమె చూసింది. గుర్తుపట్టింది. పెదవులు విడ్డాయి.

క్లిక్. 318. నీలం లైటు రెప్పవేసింది, రెప్పవేసింది, నిలిచింది. 318 కూడా వెళ్ళింది. కెమెరా చచ్చిపోయింది.

"కెప్టెన్, వీడు..." అంది ఐశ్వర్య.

కెప్టెన్ ఆమె మాట వినడం లేదు. స్క్రీన్ మీద ఆమె చెప్పిన 311 తెరిచాడు. అక్కడ పెళ్ళి లేదు. ఏ దేశం దగ్గరా లేని తన ముఖం ఉంది, ఈ టోపీతో, ఈ బోటు మీద, ఈ ఉదయపు ఎండలో. 312 నొక్కాడు. మళ్ళీ తనే.

"నన్ను ఎవరికి అమ్మావు?" అని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. పిస్టల్ పేలింది.

ఐశ్వర్య కళ్ళద్దాలు డెక్ మీద పడి, అక్కడి నుంచి నీళ్ళలోకి జారాయి. ఆమె కూడా వాటి వెనకే జారింది. కృష్ణచైతన్య గంప వదిలేసి డెక్ మీదికి ఎగబాకాడు. కెప్టెన్ రెండో గుండు అతని చెవి పక్కనుంచి పోయింది. మూడోది పేలేలోగా తెడ్డు దెబ్బకి పిస్టల్ కాలువ పాలైంది. ఎగువ నుంచీ దిగువ నుంచీ, దూరంగా కాచుకుని ఉన్న కోస్ట్ గార్డ్ బోట్ల సైరన్లు వినిపించాయి. కృష్ణచైతన్య కెప్టెన్ గుండె మీద మోకాలు పెట్టి, ఎర్రబారిన నీళ్ళవైపు చూశాడు. ఆమెని చంపించాలని అతను అనుకోలేదు. జాలి పడాలనుకున్నా జాలి రాలేదు, అందుకు అతనికి భయం వేసింది.

* * *

నెల తర్వాత రామబ్రహ్మం ఇంట్లో పెళ్ళి ఆల్బం వచ్చింది. చీఫ్ భార్య పుష్పావతి కాఫీ ఇచ్చి, కృష్ణచైతన్య ఎదురుగానే కూర్చుని పేజీలు తిరగేసింది. భర్త నిజంగానే రొయ్యల చెరువులకి సలహాలు చెబుతున్నాడని ఆమె నమ్మకం.

ఎనిమిది రేవుల నుంచి ఎనిమిది మందీ క్షేమంగా ఉన్నట్టు ఆ ఉదయమే కబురు వచ్చింది.

"ఇదేం చోద్యమండీ?" అంది పుష్పావతి. "మా పుట్టింటివాళ్ళు కుక్కపిల్లతో సహా ఉన్నారు. మీ ఆఫీసువాళ్ళు ఒక్కళ్ళూ లేరు. ఆ రోజు ఒకబ్బాయి స్టేజి ఎక్కడానికి తెగ సిగ్గుపడ్డాడు, చైతన్య గారే నెట్టారు. పాపం, అతనిది కూడా లేదే?"

కృష్ణచైతన్య కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

రామబ్రహ్మం పేపరు చాటు నుంచి తల ఎత్తలేదు.

"మా ఆఫీసులో ఫోటో బాగా పడేవాళ్ళు ఎక్కువ కాలం ఉండరు లేవే" అన్నాడు.